ఉపగ్రహాలను నడిపే గదిలో వర్చువల్ సర్వర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గ్రౌండ్ సిస్టమ్స్‌లో, అంటే ఉపగ్రహాల్ని నేల మీద నుంచి నడిపే కంప్యూటర్ల దగ్గర, పనిచేశానని తెలిసినప్పటి నుంచి చుట్టాల పెళ్ళిలో బంతిలో కూర్చున్నా సరే, ఇంజినీరింగ్ చదివే పిల్లలు పక్కన చేరి ఇవే అడుగుతున్నారు. చారు చల్లారిపోతోంది. అందుకని ఒకచోట రాసి పెడుతున్నా.

వర్చువల్ సర్వర్ అంటే ఏంటి, రెండు ముక్కల్లో?

పెద్ద ఇల్లు ఒకటి కట్టి నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టు. ఇల్లు ఒక్కటే, అదే అసలు కంప్యూటర్, దాన్ని హోస్ట్ అంటాం. ఒక్కో పోర్షన్‌కి సొంత గుమ్మం, సొంత వంటగది, సొంత తాళం ఉన్నట్టే ఒక్కో వర్చువల్ మెషీన్‌కి, అంటే వీఎంకి, సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత డిస్కు, సొంత నెట్‌వర్క్ అడ్రసు ఉంటాయి. ఎవరికి ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ అని పంచే ఇంటి ఓనరు పేరు హైపర్‌వైజర్. ఆలోచన కొత్తదేం కాదు, ఐబీఎం 1972లోనే మెయిన్‌ఫ్రేమ్‌ల కోసం వీఎం/370 తెచ్చింది. పోర్షన్ల పోలిక మర్చిపోకండి, బోరు మోటారు కాలిపోయినప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

ఇవి ఉపగ్రహంలోనే ఉంటాయా?

దాదాపు ఎప్పుడూ నేల మీదే. పైన ఉండే కంప్యూటర్ రేడియేషన్‌ని తట్టుకోవాలి కాబట్టి మొరటుగా, నిదానంగా ఉంటుంది. మార్స్ మీద తిరిగే క్యూరియాసిటీ రోవర్‌లోది 200 మెగాహెర్ట్జ్ దాకా పరిగెత్తే ర్యాడ్750 ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్. మీ జేబులో ఫోన్ దీనికి తాత. మామూలు సర్వర్లు పైన బతుకుతాయా అని చూడటానికి హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ 2017లో స్పేస్‌బోర్న్ కంప్యూటర్‌ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపింది, 2021లో రెండోదాన్నీ పంపింది. అది వేరే కథ, ఇక్కడ మాట్లాడేదంతా కింద కంట్రోల్ సెంటర్ గురించే.

కంట్రోల్ సెంటర్‌లో ఈ వీఎంలు చేసే పనేంటి?

డిష్ పట్టిన సిగ్నల్ బిట్లుగా మారి ప్యాకెట్లలో వస్తుంది. ఒక వీఎం ఆ ప్యాకెట్లు విప్పి బ్యాటరీ వోల్టేజ్ ఇంత, ఫలానా హీటర్ ఆన్‌లో ఉంది అని తెర మీద చూపిస్తుంది, ఏదైనా హద్దు దాటితే ఎర్రగా మెరిపిస్తుంది. ఇది టెలిమెట్రీ. పైకి పంపాల్సిన కమాండ్లను వరసగా పేర్చి, ఒక్కోటి చేరిందో లేదో చూసుకునేది ఇంకోటి. కక్ష్య లెక్కలు వేసేది మూడోది, దాన్ని ఫ్లైట్ డైనమిక్స్ అంటారు. ఇవి కాక రేపటి ప్లాన్ వేసేది, పాత డేటా దాచేది, సిమ్యులేటర్. ఒక దేశం ఉపగ్రహం మాటని ఇంకో దేశం డిష్ వినగలగాలి కాబట్టి ప్యాకెట్లు ఎలా ఉండాలో సీసీఎస్‌డీఎస్ అనే అంతర్జాతీయ కమిటీ 1982 నుంచి ప్రమాణాలు రాస్తోంది.

ఇందులో చాలావాటికి రాక్షస కంప్యూటర్ అక్కర్లేదు. ఉపగ్రహం ఆరోగ్యం గురించి వచ్చే టెలిమెట్రీ చాలాసార్లు సెకనుకు కొన్ని కిలోబిట్లే. అంత చిన్న పనికి ఒక్కో దానికి ఒక్కో పెట్టె, దానికి ఇంకో స్పేర్ పెట్టె, మళ్ళీ శిక్షణకి అదే సెట్ ఇంకోటి, ఇలా గది నిండా పెట్టెలు పెట్టి ఏసీ బిల్లు కట్టేవాళ్ళం.

అయితే డబ్బు ఆదా కోసమేనా?

అందరూ అదే చెప్తారు. ఆదా అవుతుంది, కాదనను, కానీ నా లెక్కలో అది మూడో కారణం. మొదటి కారణం వయసు.

సర్వర్ కొంటే ఐదేళ్ళు, లాగితే ఏడేళ్ళు. ఉపగ్రహం అలా కాదు. మన మంగళ్‌యాన్ 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయల్దేరింది, మార్స్ చుట్టూ ఆరు నెలలు పనిచేస్తే చాలనుకుని చేశారు, 2022 దాకా మాట్లాడింది. ఆపర్చునిటీ రోవర్‌ని 90 మార్స్ రోజుల కోసం పంపితే 2004 నుంచి 2018 దాకా తిరిగింది. వాయేజర్లు 1977లో వెళ్ళాయి, వాటి సంగతి చెప్పక్కర్లేదు. అంటే ఉపగ్రహం పైన బతికే ఉంటుంది, దాన్ని నడిపే కింద పెట్టె మాత్రం మధ్యలో రెండు మూడుసార్లు చచ్చిపోతుంది. కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ మీద పరీక్ష చేసి ఆమోదించారో దాని మీదే నడవాలి, కొత్తగా కొన్న సర్వర్‌కేమో ఆ పాత వెర్షన్‌కి డ్రైవర్లే ఉండవు. పాత పెట్టెకి పవర్ సప్లై కావాలంటే సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో వెతుక్కోవాలి, నేను వెతికాను.

ఇలాంటిదే ఒకటి 2022లో వార్తల్లోకొచ్చింది. యూరప్ వాళ్ళ మార్స్ ఎక్స్‌ప్రెస్ 2003లో బయల్దేరింది. దానిమీద మార్సిస్ అని నేల కింద నీటిని వెతికే రాడార్ ఉంది. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత దాని సాఫ్ట్‌వేర్‌ని కొత్తగా రాసి పంపాలనుకుంటే, మొదట్లో దాన్ని తయారుచేయడానికి వాడిన సెటప్ విండోస్ 98 మీద కట్టింది. ఇవాళ విండోస్ 98 నడిచే కొత్త కంప్యూటర్ ఏ షాపులో దొరుకుతుంది?

వీఎం ఇక్కడ ఆవకాయ జాడీలాంటిది. ఆపరేటింగ్ సిస్టమ్, లైబ్రరీలు, కంపైలర్, లైసెన్స్ ఫైలు, ఎవరో ఎప్పుడో మార్చి ఎక్కడా రాయని ఆ ఒక్క సెట్టింగ్, అన్నీ కలిపి ఒక ఫైలుగా దాచేస్తారు. కింద ఇనుము మారినా లోపలివాళ్ళకి తెలీదు, వాళ్ళకి కనిపించేది ఎప్పటి నెట్‌వర్క్ కార్డే. కానీ జాడీకి మూత ఉండాలి. పదేళ్ళ నాటి ఆపరేటింగ్ సిస్టమ్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు చాలాసార్లు ఎవరూ ఇవ్వరు కాబట్టి అలాంటి వీఎంని ఇంటర్నెట్ గాలి తగలని నెట్‌వర్క్‌లోనే ఉంచాలి. హైపర్‌వైజర్ వెర్షన్ మార్చినప్పుడల్లా ఆ ఫైలు తెరుచుకుంటోందో లేదో చూసుకోవాలి. అటక మీద పెట్టి మర్చిపోతే ఆవకాయైనా బూజు పడుతుంది.

రెండో కారణం?

రిహార్సల్. అచ్చం అసలు సిస్టమ్‌లాంటిదే ఇంకోటి అరగంటలో పుట్టించవచ్చు. అది ఎంత పెద్ద సుఖమో, ప్రయోగానికి ముందు నెలల్లో షిఫ్టులు చేసినవాళ్ళని అడగండి.

సిమ్యులేటర్ కూడా వీఎంయేనా? ఎమ్యులేటర్ అంటారు, అదేంటి?

రెండూ కలిపి వాడతారు, అందుకే గందరగోళం. వీఎంలో నడిచే ప్రోగ్రామ్ కింద ఉన్న అసలు ప్రాసెసర్ భాషలోనే మాట్లాడుతుంది, కాబట్టి వేగంగా ఉంటుంది. ఉపగ్రహంలో ఉన్న ప్రాసెసర్ భాష వేరు. యూరప్ ఉపగ్రహాల్లో లియాన్ రకం ప్రాసెసర్లు ఎక్కువ, మన సర్వర్‌కి ఆ భాష రాదు. అందుకని ఒక ప్రోగ్రామ్ దుబాసీలా కూర్చుని ఒక్కో ఆజ్ఞని అనువదిస్తూ పోతుంది, అది ఎమ్యులేటర్. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఉన్న యూరప్ కంట్రోల్ సెంటర్ ఎసాక్‌లో సిమ్యులేటర్లు ఇలాగే ఉంటాయి. పైన ఉపగ్రహంలో ఏ బైనరీ (ప్రోగ్రామ్ ఫైలు) నడుస్తుందో సరిగ్గా అదే కింద ఎమ్యులేటర్‌లో నడుస్తుంది, దాని చుట్టూ కక్ష్య, సూర్యుడు, బ్యాటరీ, థ్రస్టర్లు (ఉపగ్రహాన్ని నెట్టే చిన్న ఇంజిన్లు) అన్నీ లెక్కలుగా ఉంటాయి. ఆ మొత్తాన్ని ఒక వీఎంలో పెడతారు.

ఎందుకింత కష్టం అంటే, శిక్షణ ఇచ్చేవాడు కుట్ర పన్నాలి కాబట్టి. పాస్, అంటే ఉపగ్రహం మన డిష్‌కి కనిపించే కాసేపు, మధ్యలో ఒక గైరో (ఉపగ్రహం ఎంత తిరిగిందో కొలిచే పరికరం) చంపేస్తాడు, సోలార్ ప్యానెల్ ఇరుక్కుపోయేలా చేస్తాడు, ఆపరేటర్లు చెమటలు పట్టి ఏదో చేస్తారు, తప్పు చేస్తారు, ఉపగ్రహం సేఫ్ మోడ్‌లోకి, అంటే మిగతా పనులు ఆపి ప్రాణం కాపాడుకునే స్థితిలోకి, పోతుంది. అప్పుడు వెనక్కి తిప్పి, గైరో పోవడానికి ఒక్క నిమిషం ముందు దాచిన స్థితి నుంచి మళ్ళీ మొదలుపెడతారు. అదే రాత్రి అదే తప్పుని నాలుగుసార్లు చేసి నేర్చుకున్న టీమ్‌ని నేను చూశాను. పాత పద్ధతిలో ఒక్కసారి వెనక్కి తిప్పాలంటే అన్ని పెట్టెలనీ రీస్టార్ట్ చేసి అరపూట కూర్చోవాలి.

టైం సంగతేంటి?

ఇది తరచుగా అడిగే ప్రశ్న కాదు. అసలెవరూ అడగరు, నేనే అడిగించుకుంటాను, ఎందుకంటే వీఎంలతో వచ్చే తలనొప్పుల్లో పెద్దది ఇదే.

మామూలు కంప్యూటర్ గడియారం కింద ఉన్న క్రిస్టల్ టిక్కులు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది. వీఎంకి ప్రాసెసర్ వంతుల వారీగా దొరుకుతుంది, పక్క పోర్షన్లో హడావుడిగా ఉంటే ఈయన నిద్రపోతాడు, లేచాక ఎంతసేపు పడుకున్నాడో ఆయనకే తెలీదు. హైపర్‌వైజర్లు ఇప్పుడు దీన్ని చాలావరకు సర్దుతున్నాయి కానీ పాజ్ చేసి పది నిమిషాల తర్వాత లేపిన వీఎం, ఎవరో ఒకరు సరిచేసేదాకా, పది నిమిషాల కిందటి టైమే చెప్పే అవకాశం ఉంది.

భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్లు పోతుంది. ట్రాకింగ్ డేటా మీద ఒక్క సెకను తప్పు టైం పడిందంటే, దానితో వేసిన కక్ష్యలో ఉపగ్రహం 7.5 కిలోమీటర్లు ముందో వెనకో ఉన్నట్టు తేలుతుంది. 500 కిలోమీటర్ల ఎత్తులో మన నెత్తి మీదుగా వెళ్ళేదానికి అంత తేడా అంటే డిష్ దాదాపు 0.9 డిగ్రీ పక్కకి చూస్తున్నట్టు. ఎక్స్ బ్యాండ్ అనే రేడియో పౌనఃపున్యాల్లో పనిచేసే 11 మీటర్ల డిష్ కిరణం వెడల్పు డిగ్రీలో పావు వంతు ఉంటుందేమో. ఇంకేం, డిష్ ఖాళీ ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటుంది.

అందుకే టైం ముద్ర వేసే పని వీఎంకి ఇవ్వరు. స్టేషన్ దగ్గరే, జీపీఎస్‌కో అణు గడియారానికో కట్టిన అసలు పెట్టెలో ముద్ర పడిపోతుంది, వీఎం ఆ ముద్రని చదువుకుంటుంది అంతే. ఇంకో మాట, వీఎం గడియారాన్ని సరిచేసే పని ఒక్కరికే అప్పగించండి, ఎన్‌టీపీకైనా (నెట్‌వర్క్ మీదుగా టైం సరిచేసే పద్ధతి), హైపర్‌వైజర్ టూల్స్‌కైనా. ఇద్దరికీ ఇస్తే ఒకడు ముందుకి తోస్తే ఇంకొకడు వెనక్కి లాగుతాడు, లాగ్ ఫైల్లో ఫలితం కారణం కంటే ముందు కనిపిస్తుంది, మీకు మతిపోతుంది. ఇదంతా వీఎంల పాపమే అని కూడా అనలేం లెండి. 2012 జూన్ 30న భూమి తిరుగుడుకి సరిపెట్టడానికి గడియారాలకి లీప్ సెకను కలిపినప్పుడు లైనక్స్ కెర్నెల్‌లోని, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోని, బగ్ వల్ల ప్రపంచమంతా బోలెడు సర్వర్లు బిగుసుకుపోయాయి. మనకప్పుడు జులై 1 తెల్లవారి ఐదున్నర, చాలామంది సిస్టమ్ అడ్మిన్‌ల ఆదివారం అలా తెల్లారింది.

ఒక హోస్ట్ పోతే అందులోని వీఎంలన్నీ పోతాయి కదా?

పోతాయి. ఇదే బోరు మోటారు. మోటారు కాలితే నాలుగు పోర్షన్లకీ నీళ్ళు బంద్. ప్రధాన కంట్రోల్ వీఎం, దానికి స్పేర్‌గా ఉన్న వీఎం రెండూ ఒకే హోస్ట్ మీద ఉన్నాయంటే మీకు స్పేర్ లేనట్టే, కాగితం మీద మాత్రం ఉన్నట్టే కనిపిస్తుంది. వాటిని ఎప్పుడూ వేర్వేరు హోస్ట్‌ల మీదే ఉంచాలనే రూలు హైపర్‌వైజర్లో పెట్టవచ్చు, తప్పకుండా పెట్టండి. స్టోరేజ్ కూడా చూడండి, హోస్ట్‌లు మూడు కొని వెనకాల డిస్కుల పెట్టె ఒక్కటే పెట్టినవాళ్ళున్నారు.

నడుస్తున్న వీఎంని ఆపకుండా ఇంకో హోస్ట్‌కి మార్చే లైవ్ మైగ్రేషన్ చూడ్డానికి ఇంద్రజాలంలా ఉంటుంది. చివరి క్షణంలో మాత్రం వీఎం కాస్త ఆగుతుంది. దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం మనకి కనిపించేదే ఒక్కో పాస్‌కి సుమారు పది నిమిషాలు, దాని మధ్యలో హైపర్‌వైజర్‌కి లోడ్ సర్దుదామని బుద్ధి పుడితే కమాండ్ లింకు తెగొచ్చు. పాస్ టైంలో ఆటోమేటిక్ మైగ్రేషన్ ఆపేయండి, ఆటోమేటిక్ బ్యాకప్ కూడా. అలాగే ఉన్న మెమరీ కంటే ఎక్కువ పంచకండి. పది మందికి వండి పదిహేను మందిని పిలిస్తే మామూలు రోజున ఎలాగో నడిచిపోతుంది, అందరూ ఒకేసారి వచ్చే రోజు ప్రయోగం రోజే అవుతుంది.

స్నాప్‌షాట్ ఉంటే బ్యాకప్ ఎందుకు?

స్నాప్‌షాట్ అంటే వీఎం ఒక క్షణంలో ఎలా ఉందో దాచిన స్థితి. అది వీఎం ఉన్న డిస్కు మీదే ఉంటుంది, డిస్కు పోతే రెండూ పోతాయి. పైగా తీసేయకపోతే రోజురోజుకీ పెరుగుతుంది. నేను పనిచేసిన ఒకచోట అప్‌గ్రేడ్‌కి ముందు తీసిన స్నాప్‌షాట్‌ని తీసేయడం మర్చిపోయారు. మూడు నెలలకి స్టోరేజ్ నిండిపోయి టెలిమెట్రీ ఆర్కైవ్ రాయడం ఆగిపోయింది. మర్చిపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

వీఎంని కాపీ చేయడం అంత తేలికైతే అందులో ప్రమాదం లేదా?

ఉంది. కాపీ తీస్తే అడ్రసులు, పాస్‌వర్డ్‌లు, కమాండ్లకి తాళం వేసే రహస్య కీలు, గ్రౌండ్ స్టేషన్‌కి కలిపే సెట్టింగ్‌లు అన్నీ కాపీ అవుతాయి. శిక్షణ కోసం తీసిన కాపీ తెలీకుండానే అసలు స్టేషన్‌కి ఫోన్ చేసినట్టు కనెక్షన్ కోసం ప్రయత్నించడం నేను కళ్ళారా చూశాను. ఫైర్‌వాల్ ఆపింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆటలో పంపిన థ్రస్టర్ కమాండ్ నిజంగా పైకి పోయేదేమోనని ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి శిక్షణ వీఎంల తెర వెనక రంగు ముదురు పసుపు, అసలు వాటిది నలుపు. చవకబారు ఉపాయమే, కానీ తెల్లవారుజామున మూడింటికి సగం నిద్రలో ఉన్న ఆపరేటర్‌కి అక్షరాల కంటే రంగే ముందు అర్థమవుతుంది. కాపీలకి అసలు నెట్‌వర్క్‌కి దారే లేకుండా వేరు చేయడం, కమాండ్ కీలని వీఎం డిస్కులో కాకుండా వేరే హార్డ్‌వేర్‌లో ఉంచడం, ఇవి అసలు మందు.

ఏవి వర్చువల్ చేయకూడదు?

టైం సోర్స్, యాంటెన్నాని తిప్పే కంట్రోలర్, కీలు దాచే పెట్టె. సిగ్నల్‌లోంచి బిట్లు తీసే మోడెమ్‌ని కూడా ఈ జాబితాలోనే పెట్టేవాడిని, కానీ కాలం మారింది. 2019లో అందరికీ అందుబాటులోకొచ్చిన అమెజాన్ గ్రౌండ్ స్టేషన్ సర్వీసులో, కావాలంటే డిష్ పట్టిన సిగ్నల్‌ని అంకెలుగా మార్చి నేరుగా మీరు క్లౌడ్‌లో, అంటే అమెజాన్ వాళ్ళ సర్వర్ల మీద, అద్దెకి తీసుకున్న వీఎంకే పంపుతారు, డీమాడ్యులేషన్, అంటే బిట్లు తీసే ఆ పని, అక్కడ సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు.

పెద్ద మిషన్లు నిజంగా క్లౌడ్ వాడతాయా, ఊరికే ప్రచారమా?

వాడతాయి, కాకపోతే దేనికి వాడతాయో చూడాలి. 2010 నవంబర్‌లో మార్స్ రోవర్ల ప్రాజెక్టు రోజువారీ ఆపరేషన్లకి క్లౌడ్ వాడిన మొదటి నాసా మిషన్ అని ప్రకటించారు. అప్పటికి ఆ రెండు రోవర్లలో స్పిరిట్ మూగబోయింది, ఆపర్చునిటీ నడుస్తోంది. అమెరికా అంతటా వేర్వేరు ఊళ్ళలో ఉన్న శాస్త్రవేత్తలు మర్నాటి ప్లాన్ వేసుకోవడానికి కావలసిన డేటాని అక్కడ పెట్టుకున్నారు. 2012 ఆగస్టు 6న, మన టైంలో పొద్దున పదకొండు దాటాక, క్యూరియాసిటీ దిగిన వార్త వచ్చినప్పుడు జనం మీదపడి చూసిన వీడియో అమెజాన్ వర్చువల్ సర్వర్ల నుంచి వచ్చింది. ఒక్క రోజు తిరునాళ్ళకి పందిరి వేసి తర్వాత తీసేసినట్టు సర్వర్లు పెంచారు, తగ్గించారు. ఇవాళ ప్రైవేట్ క్లౌడ్‌లకి పునాదైన ఓపెన్‌స్టాక్ కూడా సగం అంతరిక్షం ఇంట్లోనే పుట్టింది. నాసా ఏమ్స్ కేంద్రంలో నెబ్యులా అనే క్లౌడ్ ప్రాజెక్టు కోసం రాసిన కోడ్, ర్యాక్‌స్పేస్ కంపెనీ కోడ్ కలిపి 2010 జులైలో విడుదల చేశారు.

మనకి దగ్గరి ఉదాహరణ నైసార్. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళింది, నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం. దాని డేటా దించే స్టేషన్లలో హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్ ఒకటి. తయారయ్యే డేటా రోజుకి సుమారు 80 టెరాబైట్లని నాసా అంచనా, నాసా వైపు ఆ ప్రాసెసింగ్‌కీ నిల్వకీ క్లౌడే ఆధారం. అంత డేటాకి గదులు కట్టుకుంటూ పోలేం కదా.

గమనిస్తే ఇవన్నీ ప్లానింగ్, ప్రాసెసింగ్, పంపిణీ పనులు. ఖరీదైన పెద్ద మిషన్లకి కమాండ్ పంపే వీఎంని సొంత గోడల మధ్య, సొంత హోస్ట్ మీద ఉంచాలనేది నా అభిప్రాయం. చిన్న ఉపగ్రహాల కంపెనీలు మొత్తం క్లౌడ్‌లోనే నడుపుతున్నాయి, వాళ్ళ లెక్క వేరు, ఒకటి పోతే ఇంకో యాభై ఉంటాయి.

ఇంటి నుంచి ఉపగ్రహాన్ని నడపొచ్చా?

కరోనా టైంలో చూశాం. 2020 మార్చి 20న క్యూరియాసిటీ టీమ్‌లో ఒక్కరు కూడా ఆఫీసుకి రాకుండా రోవర్‌కి ప్లాన్ వేశారు, రెండు రోజుల తర్వాత రోవర్ ఎడిన్‌బరో అని పేరు పెట్టుకున్న చోట రాతికి రంధ్రం చేసింది. మార్స్ నేలని త్రీడీలో చూసే ఖరీదైన కళ్ళజోళ్ళకి ఇంటి ల్యాప్‌టాప్‌లు చాలక ఎరుపు నీలం కాగితాల కళ్ళద్దాలతో సరిపెట్టుకున్నారు, మన చిన్నప్పుడు త్రీడీ సినిమా చిన్నారి చేతనని చూసినవి అలాంటివే. అదే నెలలో ఎసాక్ మాత్రం మనుషుల్ని తగ్గించడం కోసం మార్స్ ఎక్స్‌ప్రెస్, సోలార్ ఆర్బిటర్ సహా నాలుగు మిషన్ల సైన్స్ పరికరాలని కొన్నాళ్ళు ఆపింది. అంటే సర్వర్లు దూరం నుంచి అందినంత మాత్రాన సరిపోదు, షిఫ్టులో మనిషి కావాలి.

కంటైనర్లు వచ్చాక వీఎంలు ఎందుకు?

కంటైనర్ అంటే ప్రోగ్రామ్‌నీ దానికి కావలసిన ఫైళ్ళనీ మాత్రమే కట్టిన మూట. అది తేలిక, నిజమే, కానీ హోస్ట్ కెర్నెల్‌నే వాడుకుంటుంది. పదిహేనేళ్ళ నాటి ఆపరేటింగ్ సిస్టమ్‌ని జాడీలో పెట్టాలంటే వీఎం కావాలి. చాలాచోట్ల వీఎం లోపల కంటైనర్లు నడుపుతున్నారు, తప్పేం లేదు.

మా కాలేజీలో నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, వర్చువల్‌బాక్స్ లేదా లైనక్స్‌లో ఉండే కేవీఎం అనే హైపర్‌వైజర్. నాసా వాళ్ళ నాస్3 అనే చిన్న ఉపగ్రహాల సిమ్యులేటర్ ఉచితం, వీఎంలో నడపడానికే తయారుచేసి ఇచ్చారు, అందులో ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ కూడా ఉంటుంది. కంట్రోల్ వైపు బెల్జియంలో పుట్టిన యామ్క్స్‌ని ఇంకో వీఎంలో పెట్టండి. తెర అందంగా కావాలంటే నాసా ఏమ్స్ వాళ్ళ ఓపెన్ ఎంసీటీ ఉంది. రెండు వీఎంల మధ్య టెలిమెట్రీ పారించి ఒక కమాండ్ పంపితే సగం పని నేర్చుకున్నట్టే. తర్వాత కమాండ్ పంపుతున్న వీఎంని కావాలని పాజ్ చేసి, లేపి, గడియారం చూడండి.

నిజమైన సిగ్నల్ వినాలనుంటే ఒక యూఎస్‌బీ రేడియో డాంగిల్ కొనుక్కుని 145.800 మెగాహెర్ట్జ్ దగ్గర అంతరిక్ష కేంద్రం ప్రసారం చేస్తూ మీ ఊరి మీదుగా వెళ్ళేటప్పుడు పట్టుకోవచ్చు. కాకపోతే డాంగిల్‌ని వీఎంకి కలిపితే శాంపిళ్ళు తప్పిపోవడం మామూలే, దాన్ని మాత్రం నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి.